తిమింగలం పుర్రె పైదవడలో పళ్లు కనిపించకపోతే నిజంగా లేనట్టేనా?

తీరరేఖ (ప్రశ్న)

నమస్కారం. డిగ్రీ కాలేజీ జువాలజీ మ్యూజియంలో సముద్ర క్షీరదాల అవశేష దంతాల (పూర్వీకుల నుంచి మిగిలి, ఇప్పుడు పెద్దగా పనిలేని పళ్ల) మీద ఒక అల్మారా సర్దుతున్నాం. అన్నీ రిజిస్టర్లో నమోదైన పాత నమూనాలే. వాటి కింద పెట్టే వివరాల చీటీలు రాయబోతే కొన్ని సందేహాలు వచ్చాయి.

స్పెర్మ్ వేల్ పైదవడలో అవశేష దంతాలు ఉంటాయని పుస్తకాలన్నీ రాస్తున్నాయి. మా దగ్గరున్న పైదవడ ఎముకలో మాత్రం లోతులేని గాడి తప్ప పన్ను కూర్చునే గుంట ఒక్కటీ లేదు. పళ్లు రాలిపోయాయనుకోవాలా, మొదటినుంచీ లేవనుకోవాలా?

రెండోది బలీన్ గురించి, అంటే కొన్ని తిమింగలాలకు పళ్లకు బదులు పైదవడ నుంచి వేలాడుతూ నీటిలోంచి తిండిని వడకట్టే పలకలు. గోడమీది పాత చార్టులో "బలీన్ తిమింగలం పిండంలోని పళ్లే తర్వాత బలీన్ పలకలుగా మారతాయి" అని ఉంది. ఇది సరైనదేనా?

మూడోది డ్యూగాంగ్ గురించి, అంటే సముద్రపు గడ్డి తినే క్షీరదం. కింది దవడ ముందు భాగం కిందికి వంగి ఉంది, దాని మీద రెండు వరుసల గుంటలున్నాయి. అవి రక్తనాళాల రంధ్రాలా, పళ్ల గుంటలా?

చివరగా, ఒడ్డుకు కొట్టుకొచ్చిన జంతువు పుర్రెను అటవీశాఖ అనుమతితో శుభ్రం చేసే అవకాశం ఎప్పుడైనా వస్తే, దాగి ఉన్న పళ్లు పోకుండా ఏ వరుసలో పని చేయాలి?

ఎముకలగూడు

తీరరేఖ గారూ, మీ స్పెర్మ్ వేల్ నమూనాలో లోపమేమీ లేదు. ఆ జాతి పైదవడ ఎముకలో పళ్లకు సరైన గూళ్లు ఏర్పడవు. ఉన్న పళ్లు చిన్నవి, వంకరవి, చిగురు కండలోనే పడుకుని ఉంటాయి. చాలా జంతువుల్లో అవి బతికినన్నాళ్లూ బయటికి రావు, కొన్నింటిలో కొన మాత్రం పొడుచుకొస్తుంది. పుర్రె శుభ్రం చేసేవాళ్లు మాంసంతోపాటు చిగురునూ తీసి పారేస్తారు, పళ్లూ దాంతోనే పోతాయి. కాబట్టి ఎండిన పుర్రె చూసి "పైపళ్లు లేవు" అని రాయకూడదు. "పైపళ్లు చిగురులో ఉంటాయి, పుర్రెతో నిలవవు" అని రాయండి.

కింది దవడలో ఒక్కో పక్క 18 నుంచి 26 దాకా పళ్లుంటాయి, పెద్ద మగవాటిలో ఒక్కో పన్ను కిలో దాకా తూగుతుంది. అంత పెద్ద పళ్లు కూడా ఎముకలో గట్టిగా దిగి ఉండవు. తిమింగలాల వేట సాగిన రోజుల్లో నావికులు చిగురుకు కొక్కెం తగిలించి పళ్ల వరసను చిగురుతో సహా ఊడలాగేవారు. మీ దగ్గరున్న దవడలో పళ్లు కదులుతుంటే అందుకు కారణం అదే. ఫెవికాల్ పెట్టి అతికించకండి. ఏ పన్ను ఏ స్థానంలోదో చిన్న చీటీ కట్టి విడిగా పెట్టెలో దాచండి.

ఈ పళ్లు తిండికి ఎంతవరకు అవసరమన్నది కూడా చీటీలో రాయదగ్గ సంగతే. స్పెర్మ్ వేల్‌కి కింది పళ్లు మొలవడానికే దాదాపు పదేళ్లు పడుతుంది. పాలు మానినప్పటి నుంచి అప్పటిదాకా అది స్క్విడ్లను తింటూనే ఉంటుంది. దవడ విరిగి వంకర తిరిగినా బాగా బలిసి ఉన్న జంతువులు వేటలో దొరికాయి. పన్నుతో పట్టి కొరకడం కన్నా నాలుకను వెనక్కి లాగి నోట్లోకి నీటితో సహా పీల్చుకోవడమే వీటి పద్ధతి అనడానికి ఇది బలమైన ఆధారం. స్క్విడ్‌ని పీల్చి మింగే జాతుల్లో పళ్లు తగ్గిపోవడం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. రిస్సో డాల్ఫిన్‌నే చూడండి. కింది దవడ ముందువైపు 2 నుంచి 7 జతలు, పైన మామూలుగా ఏమీ ఉండవు.

మీ అల్మారాలో తప్పకుండా ఉండాల్సిన జాతి ఇంకొకటుంది, మరుగుజ్జు స్పెర్మ్ వేల్, అంటే కోగియా సిమా. 1866లో రిచర్డ్ ఓవెన్ దీనికి పేరుపెట్టినప్పుడు ఆధారం చేసుకున్నది మన విశాఖపట్నం నమూనానే. దాన్ని అంతకు పదమూడేళ్ల ముందు, 1853లో, వాల్టర్ ఇలియట్ అక్కడ సేకరించాడు. కింది దవడలో 7 నుంచి 12 జతల సన్నని, వెనక్కి వంగిన, సూదికొనల పళ్లుంటాయి. పైదవడలో చాలావాటికి అసలుండవు, కొన్నింటికి మూడు జతల దాకా చిన్నవి ఉంటాయి. దీని దగ్గరి బంధువు కోగియా బ్రెవిసెప్స్‌లో కింది పళ్లు 12 నుంచి 16 జతలు. లెక్క 12 దగ్గర కలుస్తుంది కనుక పళ్ల సంఖ్య ఒక్కటే చూసి జాతి తేల్చకండి. పైదవడలో పన్ను కనిపిస్తే సిమా వైపు మొగ్గవచ్చు గానీ, కనిపించనంత మాత్రాన బ్రెవిసెప్స్ అనలేం. ఎందుకో పైనే చెప్పాను, అది చిగురుతో పోయి ఉండొచ్చు.

పిండదశ

చార్టులోని వాక్యం తప్పు. దయచేసి చార్టునే తీసేయండి. విద్యార్థులు పరీక్షలో అదే రాస్తారు.

బలీన్ తిమింగలాల పిండాల్లో పన్ను మొగ్గలు పుడతాయన్నది నిజం. ఫ్రెంచి శాస్త్రవేత్త జోఫ్రువా సెంట్ ఇలేర్ 1807లోనే దీన్ని నమోదు చేశాడు. పెద్దయ్యాక నోట్లో ఒక్క పన్నూ లేని తిమింగలానికి పిండంలో పళ్లుండటాన్ని 1859లో డార్విన్ పరిణామానికి ఉదాహరణగా వాడుకున్నాడు. ఆ మొగ్గలు రెండు దవడల్లోనూ, ఒక్కో పక్క పదుల సంఖ్యలో, ఒకే పొడవాటి గాడిలో వరసగా వస్తాయి. మొగ్గ టోపీలా, తర్వాత గంటలా కనిపించే తొలి దశలు (టోపీ దశ, గంట దశ) దాటి కొన్నింటిలో డెంటీన్ (పంటి లోపలి గట్టి పదార్థం) కూడా పడుతుంది. పంటి పైపూత అయిన ఎనామిల్ మాత్రం ఎప్పుడూ పడదు. ఆ తర్వాత దంతభక్షక కణాలు వాటిని కరిగించేస్తాయి, పుట్టేనాటికి ఏమీ మిగలదు.

బలీన్ వేరే వస్తువు. అది కెరటిన్, మన గోళ్ల పదార్థమే. అంగిలి పైపొర మందమై, పళ్ల వరసకు లోపలివైపు నుంచి పెరుగుతుంది. పన్ను మొగ్గలు కరగడం మొదలైన రోజుల్లోనే బలీన్ మందం కనిపించడం వల్ల ఒకటి ఇంకొకటిగా మారిందన్న భ్రమ పుట్టింది. క్లాసులో దీన్ని తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు: మొగ్గలు కింది దవడలో కూడా వస్తాయి కదా, మరి బలీన్ పైదవడలో మాత్రమే ఎందుకుంది? పళ్లే బలీన్‌గా మారితే కింద కూడా ఉండాలి.

ఎనామిల్ ఎందుకు పడదన్నదానికి జన్యువుల్లో జవాబుంది. ఎనామిల్ తయారీకి ఎనామెలిన్, అమెలోబ్లాస్టిన్, అమెలోజెనిన్ అనే ప్రొటీన్లు కావాలి. అవి పేర్చిన చట్రాన్ని తర్వాత కత్తిరించి ఖనిజానికి చోటిచ్చే ఎంజైమ్ ఎమ్‌ఎమ్‌పీ20. ఇప్పుడున్న బలీన్ తిమింగలాల్లో ఎనామెలిన్ జన్యువు ఒక్కో వంశంలో ఒక్కో చోట చెడింది. 2009లో ఈ సంగతి తేలినప్పుడు ఒక చిక్కు మిగిలింది. అందరి పూర్వీకుడిలో ఎనామిల్ పోయి ఉంటే అందరికీ ఉమ్మడిగా ఒక దెబ్బ కనిపించాలి కదా? 2011లో అది ఎమ్‌ఎమ్‌పీ20లో దొరికింది. ఆ జన్యువులో ప్రొటీన్ తయారీ సూచనలుండే రెండో ఎక్సాన్‌లో ఒకే చోట ఒకే డీఎన్ఏ ముక్క వచ్చి ఇరుక్కుంది, పరీక్షించిన బలీన్ వంశాలన్నిటిలోనూ అదే. మనుషుల్లో ఈ జన్యువు పాడైతే ఎనామిల్ మెత్తగా, రంగుమారి వస్తుంది. అవశేషం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలిసి లేదు. మొగ్గను మొదలుపెట్టే ఏర్పాటు అలాగే ఉంది, ముగించే పనిముట్టు మాత్రం పోయింది.

శిలాజం

పిండదశ గారు చెప్పినదానికి ఒక చేర్పు. పళ్లకూ బలీన్‌కూ సంబంధమే లేదని విద్యార్థులు అనుకోకూడదు. బలీన్‌కి రక్తం అందించే రంధ్రాలు అంగిలి పక్కల్లో వరసగా ఉంటాయి. అవి పైదవడ పళ్లకు రక్తం తెచ్చే కాలువలోకే తెరుచుకుంటాయి. అమెరికాలోని ఒరెగాన్‌లో దొరికిన ఏటియోసీటస్ వెల్టొనై అనే ఒలిగోసీన్ కాలపు (3.4 నుంచి 2.3 కోట్ల ఏళ్ల కిందటి) తిమింగలానికి పళ్లూ ఉన్నాయి, అంగిలిలో అలాంటి రంధ్రాలూ ఉన్నాయి. దాన్నిబట్టి పళ్లూ బలీనూ కొంతకాలం ఒకే నోట్లో కలిసి ఉన్నాయని 2008లో ఒక బృందం వాదించింది. అదే ఒరెగాన్ నుంచి 2018లో వివరించిన మయాబలీనాకి దాదాపు 3.3 కోట్ల ఏళ్ల వయసు. దానికి పళ్లూ లేవు, బలీన్ ఉన్న గుర్తులూ లేవు. పళ్లు ముందు పోయి, కొంతకాలం పీల్చుకుని తిని, బలీన్ తర్వాత వచ్చిందని దాన్ని వివరించినవాళ్లు అంటారు. నాకు మొదటి వాదనే బలంగా అనిపిస్తుంది, రక్తనాళాల దారి ఒకటే కావడం చిన్న విషయం కాదు. కానీ కెరటిన్ శిలాజంగా నిలవడం అరుదు. ఎముకలో గుర్తు లేనంత మాత్రాన బలీన్ లేదని తేల్చలేం, రంధ్రం ఉన్నంత మాత్రాన బలీన్ ఉందనీ చెప్పలేం. చీటీలో రెండు వాదనలూ ఒక్కో వాక్యం రాయండి.

స్పెర్మ్ వేల్ వంశంలో పైపళ్లు ఎప్పుడూ చిన్నవే అనుకోకండి. పెరూలో దొరికిన మయోసీన్ కాలపు (ఒలిగోసీన్ తర్వాతి కాలం) ప్రాచీన స్పెర్మ్ వేల్ లివ్యాటన్‌కి రెండు దవడల్లోనూ పళ్లున్నాయి, పొడవైనది 36 సెంటీమీటర్లు దాటింది. ఇప్పటి జాతి పైచిగురులో దాక్కున్న చిన్న పన్ను ఆ వరసకు మిగులు.

తీరరేఖ

చాలా స్పష్టంగా చెప్పారు, అందరికీ కృతజ్ఞతలు. ఎముకలగూడు గారూ, పని వరస కూడా చెప్పగలరా? ఎనామిల్ ఉందో లేదో ప్రయోగశాలలో ఎలా చూపించాలో కూడా తెలిస్తే ప్రాజెక్టు విద్యార్థులకు పనికొస్తుంది.

ఎముకలగూడు

ముందు అనుమతి. తిమింగలాలు, డాల్ఫిన్లు, డ్యూగాంగ్ అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. కళేబరం నుంచి ఒక్క పన్ను తీసినా నేరమే. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి చేతికి రాకముందు విద్యార్థుల్ని అక్కడికి తీసుకెళ్లకండి. బ్రూసెల్లా వంటి బ్యాక్టీరియాలు వీటినుంచి మనుషులకు సోకుతాయి, అందుకని రెండు జతల గ్లవ్స్, కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. ఉబ్బిన కళేబరం పొట్టవైపు నిలబడకూడదు.

తర్వాత పని ఇలా. మాంసం ముట్టకముందే నోరు తెరిచి పైచిగురునూ కిందిచిగురునూ ఫోటో తీయాలి, స్కేలు పక్కన పెట్టి. బొటనవేలితో చిగురంతా నొక్కుకుంటూ పోతే లోపల గట్టిగా తగిలేచోటు తెలుస్తుంది. తల చిన్నదైతే మొత్తం ఎక్స్‌రే లేదా సీటీ తీయించండి. పెద్దదైతే చిగురు పట్టీని ఎముకదాకా కత్తి దింపి, ముందునుంచి వెనకదాకా ఒకే ముక్కగా ఒలవాలి. కుడి, ఎడమ, ముందు కొన ఏదో దారంతో గుర్తు కట్టాలి. ఈ గుర్తు మరిస్తే తర్వాత దొరికే పన్ను ఏ స్థానంలోదో ఇక ఎవరూ చెప్పలేరు. జన్యు పరీక్షకు చిన్న ముక్క 95 శాతం ఆల్కహాల్లో వేరుగా వేయండి, ఫార్మలిన్ (కణజాలం కుళ్లకుండా నిలవచేసే ద్రావణం) తగిలితే డీఎన్ఏ పాడవుతుంది.

పట్టీని నేరుగా ప్లేటుమీద పరిచి ఎక్స్‌రే తీయండి. కిలోవోల్టేజీ తక్కువగా, 50 దరిదాపుల్లో ఉంచమనండి. ఎక్కువ పెడితే చిన్న ఖనిజపు తునకలు నేపథ్యంలో కలిసిపోతాయి. ఎక్స్‌రే అయ్యాకే ఫార్మలిన్.

ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. బఫర్ (ఆమ్లత పెరగకుండా ఆపే లవణాలు) కలపని ఫార్మలిన్ నిలవుంటే ఆమ్లమవుతుంది. పెద్ద పన్నుకు అది పెద్ద నష్టం కాదు గానీ, సన్నని అవశేష దంతం నెలల్లో మెత్తబడి, తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఖాళీగా కనిపిస్తుంది. "పళ్లు లేవు" అని రాసేస్తారు. లీటరు ద్రావణానికి: మార్కెట్లో దొరికే గాఢ ఫార్మలిన్ 100 మి.లీ., నీళ్లు 900 మి.లీ., మోనోసోడియం ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రా., నీరులేని డైసోడియం ఫాస్ఫేట్ 6.5 గ్రా. కణజాలానికి పదింతల ద్రావణం ఉండాలి. పట్టీ మందంగా ఉంటే పళ్లకు తగలకుండా పక్కనుంచి గాట్లు పెట్టండి, లేకపోతే నడిమధ్య కుళ్లుతుంది.

పళ్లు విడిగా కావాలంటే ఫార్మలిన్‌లో వేయకుండా పట్టీని సన్నని, ఒక మిల్లీమీటరు కన్నుల నైలాన్ వలసంచిలో కట్టి 35–40 డిగ్రీల నీళ్లలో నానబెట్టండి. నీళ్లు మార్చేటప్పుడు జల్లెడలోంచే వంపండి. ఉడికించవద్దు, డెంటీన్ చిట్లుతుంది, నూనె లోపలికి దిగి పసుపెక్కుతుంది. బ్లీచింగ్ అసలే వద్దు, అది పంటిలోని ప్రొటీన్‌ని తినేసి సుద్దముక్కలా మిగులుస్తుంది.

ముక్కుతిమింగలాలు (ముక్కులాంటి పొడుగు మూతి ఉన్న జాతులు) దొరికితే ఇదంతా రెట్టింపు జాగ్రత్తతో చేయాలి. క్యూవియర్ ముక్కుతిమింగలం మగవాటికి కింది దవడ కొసన ఒక జత పళ్లు మొలుస్తాయి, ఆడవాటిలో అవి చిగురు కిందే ఉండిపోతాయి. వాటికి తోడు చిగురులో చిన్న అవశేష దంతాల వరస కూడా ఉండవచ్చు. గ్రే ముక్కుతిమింగలంలో ఆడామగా రెండింటికీ పైచిగురులో 17 నుంచి 22 చిన్న పళ్లు ఒక్కో పక్క వరసగా ఉంటాయి. ఎముకను మాత్రమే దాచిన మ్యూజియంలో వీటి ఆనవాలు మిగలదు. మగవాటి ఆ పెద్ద జతను మాత్రం అవశేషం అనకండి. తిండికి కాకపోయినా, ఒకదానితో ఒకటి పోట్లాడటానికి వాడతాయి. ఒంటిమీద జంటగీతల మచ్చలు దాని గుర్తే.

పిండదశ

ఎనామిల్ పరీక్ష గురించి. విద్యార్థులు మామూలుగా పంటిని ఈడీటీఏలో ఖనిజం తీసేసి, పారఫిన్‌లో పోసి, సెక్షన్లు కోసి, "ఎనామిల్ లేదు" అని రాస్తారు. ఎదిగిన ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. ఖనిజం తీశాక ఏ పంటిలోనూ అది కనిపించదు, మనిషి పంటిలోనైనా సరే. ఎనామిల్ చూడాలంటే ఖనిజం తీయని పంటిని రెసిన్‌లో పోసి, డైమండ్ రంపంతో 200 మైక్రాన్ల ముక్క కోసి, 100 దాకా అరగదీసి, ధ్రువీకృత కాంతిలో చూడాలి. అది కూడా మొలవని పన్నుమీద. మొలిచిన పన్ను కొన అరిగిపోయి ఉండొచ్చు, అప్పుడు అరిగిందో అసలు లేదో తేలదు. సరిపోల్చడానికి మామూలు డాల్ఫిన్ పన్ను ఒకటి పక్కన పెట్టండి. దానికి పలచగానైనా ఎనామిల్ ఉంటుంది, కోగియా పళ్లకు ఉండదు.

కణాల అమరిక కావాలనుకున్నప్పుడే ఈడీటీఏ. 10 శాతం, పీహెచ్ 7.2–7.4, రెండు మూడు రోజులకోసారి మార్చాలి, వారాలు పడుతుంది. అయిందో లేదో సూది గుచ్చి చూడకండి, ఎక్స్‌రేతో చూడండి.

పిండాల విషయంలో ఇంకో పొరపాటు. ఆలిజరిన్ ఎరుపు రంగు ఖనిజానికే పడుతుంది. టోపీ, గంట దశల్లో ఉన్న పన్ను మొగ్గలో ఖనిజం ఉండదు కాబట్టి, ఎరుపు కనిపించకపోతే మొగ్గ లేదని కాదు. ఆ దశలకు హెమటాక్సిలిన్–ఇయోసిన్ వరస సెక్షన్లు కావాలి, లేదా అయోడిన్‌లో నానబెట్టి మైక్రో సీటీ తీయాలి.

పాక్‌జలసంధి

డ్యూగాంగ్ ప్రశ్న మిగిలిపోయింది. ఆ గుంటలు పళ్లవే. కిందికి వంగిన ఆ భాగంలో ఒక్కో పక్క మూడు నాలుగు గుంటలుంటాయి. వాటిలో అవశేష కుంతకాలు (ముందు కొరికే పళ్లు), వెనకగా రదనిక (కోరపన్ను) మొగ్గ ఉంటాయి. బతికి ఉన్నప్పుడు ఆ భాగమంతా గరుకైన కొమ్ముపలక కింద కప్పబడి ఉంటుంది, సముద్రపు గడ్డిని నొక్కిపట్టడం ఆ పలక పని. పళ్లు దాని కిందనుంచి బయటికి రావు. పుర్రె ఎండాక పలక ఊడినప్పుడు అవీ రాలిపోతాయి, గుంటలు మిగులుతాయి. రక్తనాళపు రంధ్రం అయితే సన్నని పోచ లోపలికి దూరిపోతుంది, పంటి గుంటకు అడుగు తగులుతుంది. నైలాన్ పోచతో నెమ్మదిగా తడిమి చూడండి, లోహపు పిన్ను వద్దు. అడుగున ఇంకా పన్ను ముక్క ఇరుక్కుని ఉండొచ్చు కనుక ముందు ఎక్స్‌రే తీయించడం మంచిది.

పైదవడలో చూడాల్సింది ఏనుగు దంతాల్లాంటి పెద్ద దంతాల జత. అది రెండో కుంతకం. మగవాటిలో తొమ్మిది నుంచి పదిహేనేళ్ల మధ్య బయటికి వస్తుంది. ఆడవాటిలో మామూలుగా ఎముకలోనే ఉండిపోతుంది, బాగా ముసలివాటిలో కొన్నింటికి మాత్రం కొన బయటపడి అరిగి కనిపిస్తుంది. కనుక దంతం బయట కనిపిస్తే మగది అని వెంటనే రాయకండి. బుగ్గపళ్లు ఒక్కో పక్క మొత్తం ఆరు వస్తాయి, ముందునుంచి రాలిపోతూ పోతాయి, పెద్దదానికి చివరి రెండే మిగులుతాయి. అవి వేరు మూసుకోకుండా పెరుగుతూ ఉండే మేకుల్లాంటి పళ్లు. మీ పుర్రెలో రెండే ఉంటే పూర్తిగా ఎదిగిన జంతువు, మిగతావి ఎవరో పీకారని అనుకోనక్కర్లేదు.

అల్మారాలో చోటుంటే పక్కన స్టెల్లర్ సముద్రపు ఆవు బొమ్మ పెట్టండి. 1741లో స్టెల్లర్ చూసి రాసిన ఆ జంతువు డ్యూగాంగ్ కుటుంబానిదే, దానికి ఒక్క పన్నూ లేదు, రెండు కొమ్ముపలకలతోనే నాచు నమిలేది. 1768 నాటికి వేటతో అంతరించింది.

తీరరేఖ

దొరికిన దంతంమీద పొరలు లెక్కబెట్టి వయసు చెప్పవచ్చంటారు. డ్యూగాంగ్ దంతానికీ స్పెర్మ్ వేల్ పన్నుకీ పద్ధతి ఒకటేనా?

ఎముకలగూడు

సూత్రం ఒకటే, డెంటీన్‌లో ఏటా పడే పొరలు. స్పెర్మ్ వేల్ పన్నును నిలువుగా సరిగ్గా మధ్యకు కోసి, కోసిన ముఖాన్ని నున్నగా అరగదీసి, 10 శాతం ఫార్మిక్ ఆమ్లంలో ఒకరోజు పైగా ఉంచి, బాగా కడిగి ఆరబెట్టి, మెత్తటి పెన్సిల్‌తో రుద్దితే గట్లు నల్లగా తేలతాయి. కోత మధ్యగీతకు పక్కగా పోతే తొలి ఏళ్ల పొరలు తప్పిపోతాయి, వయసు తక్కువ వస్తుంది. అందుకని రంపం పెట్టకముందే కొననుంచి మొదలుదాకా పెన్సిల్ గీత గీసుకోవాలి. కొన అరిగిన పన్నైతే లెక్క వచ్చినదాన్ని "కనీసం ఇన్నేళ్లు" అనే రాయాలి. డ్యూగాంగ్‌లో పొరలు చదవడానికి దంతమే తీసుకోవాలి, బుగ్గపళ్లు వరసగా రాలిపోతాయి కాబట్టి పనికిరావు. ఎముకలో దాగిన ఆడదాని దంతం అరగదు, అందుకని దాన్లో తొలి పొరలు సాధారణంగా చెక్కుచెదరకుండా దొరుకుతాయి. కానీ మీ దగ్గరున్నది ఒక్కటే పుర్రె అయితే దాన్ని కోయకండి, సీటీతో సరిపెట్టుకోండి.